చేపల తొట్టికీ తోడు పెట్టాలి!

అక్వేరియం గురించి రాయమని చాలామంది సోదరీమణులు అడుగుతున్నారు. అడిగినవాళ్ళందరి మాటా దాదాపు ఒకటే. "పిల్లలు సరదాపడ్డారని రంగు చేపల్ని తెచ్చాం. వారం తిరక్కుండా అన్నీ చచ్చిపోయాయి. చేపలు మాకు అచ్చిరావేమో!" అని.

అచ్చిరాకపోవడం అంటూ ఏమీ లేదండీ. పాలు తోడుపెట్టడం తెలిసిన ప్రతి ఇల్లాలికీ చేపల్ని బతికించుకోవడం చేతనవుతుంది. పాలకీ చేపలకీ సంబంధమేమిటంటారా? ముందు మా ఇంట్లో జరిగింది వినండి.

మా చిన్నమ్మాయి 8వ పుట్టినరోజుకి వాళ్ళ నాన్నగారు గాజు తొట్టి తెచ్చారు. తొట్టి, రంగు గులకరాళ్ళు, ప్లాస్టిక్ మొక్కలు, బుడగలొదిలే బొమ్మ, 10 చేపలు అన్నీ ఒకేరోజు, ఒకే ఆటోలో దిగాయి. సాయంత్రం 6 గంటలకి నీళ్ళు పోశాం, 7 గంటలకి చేపల్ని వదిలేశాం. ఆ రాత్రి పిల్లలు అన్నం కూడా తొట్టి ముందే కూచుని తిన్నారు.

మూడోరోజు పొద్దున రెండు చేపలు తేలిపోయి ఉన్నాయి. కొట్టతనికి ఫోన్ చేస్తే "నీళ్ళు మార్చండి మేడమ్" అన్నాడు. మార్చాను. నాకు తెలిసినట్టు మార్చాను. అంటే నీళ్ళన్నీ పారబోసి, రాళ్ళూ, ఫిల్టర్లో స్పాంజీ కుళాయి కింద తళతళలాడేదాకా తోమి, మళ్ళీ కొత్తనీళ్ళు నింపాను. ఆరోరోజుకి ఒక్క చేపా మిగల్లేదు.

"ఇంట్లోనే ఉంటావు కదా, ఆ మాత్రం చూసుకోలేకపోయావా?" అన్నారు మావారు. "నోరులేని జీవాల్ని తెచ్చి ఉసురు పోసుకోవడం ఎందుకమ్మా" అన్నారు అత్తగారు. ఆ రెండు మాటలూ ఎలాగో దులిపేసుకున్నాను. కానీ చిన్నది నా కొంగు పట్టుకుని, "అమ్మా, చేపల్ని మనమే చంపేశామా?" అని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ తర్వాత తెలిసింది, నిజంగా మేమే చంపేశామని. బాగా చూసుకుందామనుకుంటూనే చంపేశాం.

తప్పెక్కడ జరిగింది?

మా కాలనీలో ఓ రిటైర్డ్ సైన్సు మాస్టారున్నారు. ఏళ్ళ తరబడి చేపల్ని పెంచుతున్నారు. ఖాళీ తొట్టిని ఎవరికైనా ఇచ్చేద్దామని ఆయన్ని అడగబోతే, మొత్తం కథ చెప్పించుకుని, "అమ్మా, మీరు చేపల్ని పెంచారు గానీ నీళ్ళని పెంచలేదు" అన్నారు.

ఆయన చెప్పిన సంగతి ఇది. చేప ఆ నీళ్ళల్లోనే తింటుంది, ఆ నీళ్ళల్లోనే విసర్జిస్తుంది, ఆ నీళ్ళనే పీలుస్తుంది. చేప విసర్జించే దాన్నుంచీ, మిగిలిపోయి కుళ్ళిన తిండి నుంచీ అమ్మోనియా పుడుతుంది. అది చేపకి విషం. నీళ్ళు మాత్రం అద్దంలా తేటగానే కనిపిస్తాయి. అందుకే మనం మోసపోతాం.

చెరువులోనో ఏటిలోనో అయితే ఈ విషాన్ని విరిచే సూక్ష్మజీవులు ఉంటాయి. ఒకరకం అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకోరకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ కొద్దిగా ఉన్నా చేపకి ఫరవాలేదు, వారం వారం కొన్ని నీళ్ళు మారిస్తే తగ్గిపోతుంది. ఈ మంచి సూక్ష్మజీవులు కొత్త తొట్టిలో ఉండవు. ఫిల్టర్ స్పాంజీలోనూ, రాళ్ళ మీదా, ఇసుకలోనూ నెమ్మదిగా కాపురం పెడతాయి. దానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది.

ఇప్పుడు అర్థమైంది కదా! పాలల్లో తోడు వెయ్యగానే పెరుగవుతుందా? గిన్నె కదపకుండా రాత్రంతా ఉంచాలి. తొట్టీ అంతే. నేను తోడుకోకముందే చేపల్ని వదిలాను. తోడుకోవడం మొదలైన కాస్తంత స్పాంజీని కూడా కుళాయి కింద తోమి పారేశాను. కుళాయి నీళ్ళల్లో క్లోరిన్ ఉంటే, అది బతికున్న చేపల మొప్పల్నీ దెబ్బతీస్తుంది, ఆ మంచి సూక్ష్మజీవుల్నీ చంపేస్తుంది.

మీ బకెట్‌నే అడగండి

"మళ్ళీ తెచ్చుకుంటే ఏ చేప తెచ్చుకోమంటారు మాస్టారూ?" అన్నాను. ఆయన చేపల పేర్లేమీ చెప్పలేదు. "మీ స్నానాల బకెట్ ఒకసారి చూపించమ్మా" అన్నారు!

మాది బోరు నీళ్ళు. బకెట్ అంచున తెల్లటి పొర పేరుకుపోయి ఉంటుంది. గీజర్ కాయిల్ మీద సున్నం కడుతుంది. సబ్బు ఓ పట్టాన నురగ రాదు. కందిపప్పు ఉడకడానికి రెండు విజిల్స్ ఎక్కువ పట్టాలి. ఇదంతా మనకి తలనొప్పే. కానీ సరిగ్గా ఇలాంటి గట్టి నీళ్ళే కావాలనే చేపలు కూడా ఉన్నాయట. వాటిల్లో అందమైనదీ, కాస్త నెమ్మదస్తురాలూ 'ఎల్లో ల్యాబ్'. ఎలక్ట్రిక్ ఎల్లో అని కూడా అంటారు. ఒళ్ళంతా నిమ్మపండు పసుపు, వీపు మీది రెక్కకి కాటుక గీసినట్టు నల్లటి అంచు.

శాస్త్రీయనామం లాబిడోక్రోమిస్ సెరూలియస్. సెరూలియస్ అంటే లాటిన్‌లో నీలిరంగు! పసుపు చేపకి నీలం పేరేమిటా అని నవ్వొస్తుంది. ఈ జాతిలో తెలుపు, నీలం కలిసిన రకాలు కూడా ఉన్నాయి. 1956లో ఫ్రయర్ అనే శాస్త్రవేత్త ఆ పేరు పెట్టారు. మన ఇళ్ళకొచ్చింది మాత్రం పసుపు రకం.

దీని పుట్టిల్లు ఆఫ్రికాలోని మలావీ సరస్సు. సరస్సు అంటే మన ఊరి చెరువులాంటిది కాదు. పొడవు 550 కిలోమీటర్లకు పైనే, లోతు ఎక్కువున్నచోట దాదాపు 700 మీటర్లు. అందులో సిక్లిడ్ కుటుంబానికి చెందిన చేపలే వందల జాతులున్నాయి. ప్రపంచంలో మరే సరస్సులోనూ ఇన్ని రకాల చేపలుండవంటారు. దక్షిణపు కొసన కొంత భాగాన్ని నేషనల్ పార్కు చేశారు. 1984లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ సంపదల్లో చేర్చింది. కంగారుపడకండి, మన కొట్లల్లో దొరికేవి చాలావరకు ఫారాల్లో పుట్టి పెరిగినవే.

సిక్లిడ్ అంటే మనకేదో కొత్త అనుకోవద్దు. మన చేపల మార్కెట్లో కనిపించే తిలాపియా ఈ కుటుంబమే. కేరళవాళ్ళు అరిటాకులో చుట్టి వేయించుకునే కరిమీన్ కూడా ఈ కుటుంబమే. కొన్ని కొట్లల్లో 'చిక్లిడ్' అంటారు, రెండూ ఒకటే.

తొట్టి ఎంత ఉండాలి?

ఈ చేప పెరిగితే మన చూపుడువేలంత, అంటే 8 నుంచి 10 సెంటీమీటర్లు అవుతుంది. గాజు గిన్నెలోనో, చిన్న తొట్టిలోనో పెడితే ఒకదాన్నొకటి తరిమి చంపుకుంటాయి. 6 నుంచి 8 చేపలకి కనీసం 3 అడుగుల పొడవు, ఒకటింబావు అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టి కావాలి. ఇందులో 150 లీటర్ల నీళ్ళు పడతాయి. 4 అడుగుల తొట్టి అయితే ఇంకా మంచిది.

లీటరు నీళ్ళు కిలో బరువు. నీళ్ళూ, గాజూ, రాళ్ళూ కలిపితే 200 కిలోలకి తక్కువుండదు. కాబట్టి టీవీ స్టాండు మీదా, డ్రెస్సింగ్ టేబుల్ మీదా పెట్టకండి. గట్టి ఇనుప స్టాండు చేయించుకుని, మీద ప్లైవుడ్, దాని మీద థర్మోకోల్ షీటు వేసి తొట్టి పెట్టండి. ఎండ నేరుగా పడితే నాచు పట్టేస్తుంది. వంటింటి పక్కన పోపు పొగ, నూనె జిడ్డు చేరతాయి. పూజగది పక్కన అగరొత్తుల పొగ. వీటన్నిటికీ దూరంగా హాల్లో ఓ మూల పెట్టుకోండి.

ముఖ్యంగా దోమల మందు, బొద్దింకల స్ప్రే ఆ గదిలో కొట్టకూడదు. గాలి పంపు గదిలో గాలినే పీల్చి నీళ్ళల్లోకి వదులుతుంది. మనకి తుమ్ము తెప్పించే మందు చేప ప్రాణం తీస్తుంది. ఫినాయిల్ చేత్తో, సబ్బు చేత్తో తొట్టిలో చెయ్యి పెట్టడం కూడా ఇంతే ప్రమాదం.

అడుగున రెండంగుళాల మందాన ఇసుక చాలు. రంగులద్దిన గులకరాళ్ళు వద్దు. మలావీలో ఈ చేపలు బండరాళ్ళ సందుల్లో తిరుగుతాయి కాబట్టి రాళ్ళు కావాలి. ముందు పెద్దరాళ్ళని తొట్టి అడుగునే కుదురుగా పేర్చి, ఆ తర్వాత ఇసుక పొయ్యండి. ఇసుక మీద రాళ్ళు పెడితే ఇవి కింద తవ్వేస్తాయి, రాయి జారి గాజు పగులుతుంది. చేపకొకటి చొప్పున గుహలాంటి సందు ఉండేలా పేర్చుకుంటే తగవులు సగం తగ్గుతాయి. మన వంటింట్లో ఎవరి డబ్బాలు వాళ్ళకుంటే గొడవలుండవు కదా, అలాగన్నమాట!

నీళ్ళ సంగతి

మునిసిపాలిటీ నీళ్ళయితే వెడల్పాటి టబ్బులో పట్టి, గాలి పంపు పెట్టి, 24 గంటలు ఉంచండి. క్లోరిన్ పోతుంది. తొందరగా కావాలంటే యాంటీ క్లోరిన్ చుక్కలు కొట్లో దొరుకుతాయి, సీసా మీద రాసిన లెక్క ప్రకారం వెయ్యండి. బోరు నీళ్ళు కూడా బోరులోంచి రాగానే పొయ్యకూడదు. వాటిల్లో ప్రాణవాయువు తక్కువుంటుంది. ఒకరాత్రి గాలి తగలనివ్వాలి. అపార్టుమెంటుల్లో ఒకరోజు బోరు, ఒకరోజు ట్యాంకరు కలుస్తూంటాయి. అలాంటివాళ్ళు ప్రతిసారీ పరీక్ష చేసుకునే పొయ్యండి.

ఆర్‌ఓ నీళ్ళు మంచివి కదా అని పొయ్యకండి. ఈ చేపకి కావలసిన ఖనిజాలన్నీ అందులోంచి తీసేసి ఉంటాయి. సాఫ్ట్‌నర్‌లోంచి వచ్చిన నీళ్ళూ వద్దు. పీహెచ్ 7.8 నుంచి 8.5 మధ్య ఉండాలి. చిన్న కిట్‌తో ఇంట్లోనే చూసుకోవచ్చు. మీ ఊళ్ళో కాలవ నీళ్ళు మెత్తగా ఉంటే, శుభ్రంగా కడిగిన ఆల్చిప్పలు గానీ పగడపు ఇసుక గానీ సంచీలో కట్టి ఫిల్టర్లో పెట్టండి. నెమ్మదిగా నీళ్ళు గట్టిపడతాయి. నీళ్ళల్లో ఏ మార్పయినా మెల్లమెల్లగా రావాలి. ఒక్కసారిగా మారిస్తే చేప తట్టుకోలేదు.

వేడి 24 నుంచి 28 డిగ్రీలు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి ఎక్కువుండే ఊళ్ళల్లో థర్మోస్టాట్ ఉన్న హీటరు తప్పదు. తొట్టిలో చెయ్యి పెట్టేముందు అన్ని స్విచ్‌లూ తీసెయ్యండి. ప్లగ్ దగ్గరకి వెళ్ళే వైరు కాస్త కిందికి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళేలా చూడండి. అప్పుడు వైరు వెంబడి జారే నీటిబొట్టు ప్లగ్‌లోకి పోకుండా నేలమీద పడుతుంది. పిల్లలున్న ఇంట్లో ఇది మర్చిపోకూడదు.

తోడు పెట్టే పద్ధతి

నీళ్ళు పోసి, ఫిల్టరు వేసి, చేపలు లేకుండానే రాత్రింబగళ్ళు నడపండి. రోజూ చిటికెడు చేపల తిండి వెయ్యండి. అది కుళ్ళి అమ్మోనియా పుడితే, దాన్ని తినే సూక్ష్మజీవులు పెరుగుతాయి. తెలిసినవాళ్ళింట్లో ఆరోగ్యంగా నడుస్తున్న పాత తొట్టి ఉంటే, దాని ఫిల్టర్ స్పాంజీలో ముక్క అడిగి తెచ్చి మీ ఫిల్టర్లో పెట్టండి. అదే తోడు! తడి ఆరకుండా, వాళ్ళ తొట్టి నీళ్ళల్లోనే ముంచి తెచ్చుకోవాలి. మాకు మాస్టారే ఇచ్చారు. పక్కింటికెళ్ళి తోడు కోసం గిన్నె పట్టుకెళ్ళినట్టే, స్టీలు డబ్బా పట్టుకెళ్ళి తెచ్చుకున్నాను.

రెండు రోజులకోసారి కిట్‌తో పరీక్ష చెయ్యండి. మొదట అమ్మోనియా పెరుగుతుంది, తర్వాత అది తగ్గి నైట్రైట్ పెరుగుతుంది, ఆఖరికి రెండూ సున్నాకి వస్తాయి. రోజూ చిటికెడు తిండి వేస్తున్నా వరసగా వారం రోజులు రెండూ సున్నా ఉంటేనే తొట్టి తోడుకున్నట్టు. గట్టి నీళ్ళల్లో, పీహెచ్ ఎక్కువున్నచోట అమ్మోనియా విషం ఇంకా ఎక్కువగా పనిచేస్తుంది. కాబట్టి ఎల్లో ల్యాబ్ విషయంలో తొందర అసలు పనికిరాదు.

మాకు 3 వారాలు పట్టింది. చిన్నమ్మాయి క్యాలెండర్లో రోజులు కొట్టేసుకుంటూ కూచుంది. ఖాళీ తొట్టిని చూసి వచ్చినవాళ్ళంతా నవ్వారు. నవ్వనివ్వండి. పెళ్ళి చూపులకి లేని తొందర చేపలకెందుకు?

చేపలొచ్చిన రోజు

ముదురువి వద్దు. 4 సెంటీమీటర్ల పిల్లల్ని తెచ్చుకోండి. చురుగ్గా ఈదుతూ, రెక్కలు విప్పి, పొట్ట లోపలికి పోకుండా ఉన్నవాటిని ఏరుకోండి. ఒక మగచేపకి మూడు ఆడచేపలుంటే మంచిది. కానీ పిల్లలప్పుడు ఆడ, మగ తెలియదు. కాబట్టి 3 అడుగుల తొట్టికి 6 తెచ్చుకుంటే సరిపోతుంది.

సంచీని విప్పకుండా తొట్టి నీళ్ళ మీద 15, 20 నిమిషాలు తేలనివ్వండి. తర్వాత విప్పి, తొట్టి నీళ్ళు గరిటెడు గరిటెడు చొప్పున అరగంట సేపు సంచీలో పొయ్యండి. ఆఖర్న వలతో చేపల్ని మాత్రమే తొట్టిలోకి వదలండి. సంచీ నీళ్ళు పారబొయ్యండి. ఆరోజు లైటు వెయ్యొద్దు, తిండీ పెట్టొద్దు.

గోల్డ్ ఫిష్, గప్పీ, ఏంజెల్ చేపల్ని వీటితో కలపకండి. వాటి నీళ్ళు వేరు, స్వభావం వేరు. పొడుగు రెక్కలు కనిపిస్తే ఇవి కొరికేస్తాయి. తర్వాత ఎప్పుడైనా కొత్త చేపల్ని తెస్తే 2, 3 వారాలు వేరే టబ్బులో ఉంచి, జబ్బేమీ లేదని చూసుకున్నాకే కలపండి.

తిండి దగ్గరే పొరపాటు

చేప చచ్చిపోయేది ఆకలితో కాదు, మన ప్రేమతో! అమ్మమ్మ ఒకసారి, పనిమనిషి ఒకసారి, పిల్లలు వచ్చేటప్పుడోసారీ పోయేటప్పుడోసారీ వేస్తారు. అందరికీ అది ఆకలిగా ఉన్నట్టే కనిపిస్తుంది. మేం తిండి డబ్బాని బియ్యం డబ్బా పక్కన దాచేశాం. రోజుకి రెండుసార్లు, ఒకటి రెండు నిమిషాల్లో తినేసేటంత వేస్తే చాలు. వారంలో ఒకరోజు ఉపవాసం. మా ఇంట్లో శనివారం. అత్తగారికి తోడు!

సిక్లిడ్‌ల కోసం అమ్మే చిన్న గుళికలు, స్పిరులినా కలిసినవి, మంచివి. చిన్న పొట్లాలు కొనుక్కోండి, ఏడాదిపాటు నిలవున్న తిండిలో సత్తువుండదు. వంటింట్లోంచి పెట్టాలనుంటే, ఉప్పు వెయ్యకుండా ఉడికించి తొక్క తీసిన పచ్చి బఠాణీ నలిపి వారానికోసారి వెయ్యండి. పలుచటి కీరదోస చక్రం కూడా పెట్టొచ్చు. రెండు గంటల తర్వాత మిగిలింది తీసెయ్యాలి. అన్నం మెతుకులు, బ్రెడ్డు, ఇడ్లీ, మాంసం ముక్కలు వద్దే వద్దు. పొట్ట ఉబ్బి, తిండి మానేసి, తెల్లటి దారంలా విసర్జిస్తోందంటే జబ్బు ముదురుతోందన్నమాట.

ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల మచ్చలొచ్చినా, నీటి పైకి వచ్చి నోరు తెరుస్తున్నా మందు కోసం పరుగెత్తకండి. ముందు అమ్మోనియా పరీక్ష చేసి, పావు వంతు నీళ్ళు మార్చండి. ఆ తర్వాతే తెలిసినవాళ్ళని అడిగి మందు.

వారానికి ఒక గంట

ఆదివారం పొద్దున ఒక గంట కేటాయిస్తే చాలు. పావు వంతు నీళ్ళు పైపుతో తీసేసి, వేరే ఉంచుకున్న నీళ్ళు మెల్లగా పొయ్యాలి. పైపుని నోటితో పీల్చకండి. నీళ్ళల్లో ముంచి నింపి, ఒక కొస వేలితో మూసి కిందికి దించితే నీళ్ళు అవే దిగుతాయి. ఇసుక మీది చెత్త ఆ పైపుతోనే పోతుంది. మొత్తం నీళ్ళు ఎప్పుడూ మార్చకూడదు. స్పాంజీ మురికిపడితే, ఇలా తీసిన తొట్టి నీళ్ళల్లోనే రెండుసార్లు పిండి మళ్ళీ పెట్టెయ్యండి. కుళాయి కింద పెట్టారా, తోడు పారబోసుకున్నట్టే.

తీసిన నీళ్ళు మొక్కలకి బలం. మా కరివేపాకు, మల్లె తీగె ఈ నీళ్ళతోనే ఏపుగా ఉన్నాయి. తులసికోటలో మాత్రం పొయ్యలేదు, అత్తగారు ఒప్పుకోలేదు. మందు వేసిన నీళ్ళయితే మొక్కలకీ పొయ్యొద్దు.

ఎండాకాలం నీళ్ళు 30 డిగ్రీలు దాటితే ప్రాణవాయువు తగ్గుతుంది. మూత తీసి వల కప్పి, నీటి మీదికి ఫ్యాను గాలి తగిలేలా పెట్టండి. కరెంటు పోతే తిండి ఆపెయ్యండి. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. కరెంటు చాలా గంటలు పోతే, మూతపెట్టి ఉండే ఫిల్టర్లో నీళ్ళు కుళ్ళుతాయి. అలాంటప్పుడు స్పాంజీని తొట్టి నీళ్ళల్లో పిండాకే మళ్ళీ స్విచ్ వెయ్యండి.

నోరు కట్టుకున్న తల్లి

ఏడాది దాటాక ఓ రోజు మా చిన్నది పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, ఒక చేప అన్నం తినడం లేదు. గొంతు వాచింది" అని. నా గుండె గుభేలుమంది. మళ్ళీ మొదలైందనుకున్నాను. మాస్టారు వచ్చి చూసి నవ్వారు. "జబ్బు కాదమ్మా, కడుపుతో ఉంది. కాకపోతే కడుపులో కాదు, నోట్లో!"

ఈ జాతి ఆడచేప రాతి మీద గుడ్లు పెట్టి, వెంటనే వాటిని నోట్లోకి తీసుకుంటుంది. గుడ్లు పొదిగి, పిల్లలై, వాటంతట అవి ఈదేదాకా దాదాపు 3 వారాలు నోట్లోనే దాచుకుంటుంది. అన్ని రోజులూ తిండి ముట్టదు. మిగతావన్నీ గుళికల కోసం ఎగబడుతుంటే, ఇది రాతి సందులో నిలబడి, గుడ్లకి గాలి తగిలేలా నోరు మెల్లగా కదుపుతూ ఉంటుంది. మనింట్లో పిల్లలందరూ తిన్నాక మిగిలింది చూసుకునే తల్లులం మనం. ఇది మిగిలింది కూడా చూసుకోదు!

ఇలాంటప్పుడు వలతో పట్టడం, రాళ్ళు కదపడం, లైటు మాటిమాటికీ వెయ్యడం చెయ్యకూడదు. బెదిరితే గుడ్లు ఉమ్మేస్తుంది, లేదా మింగేస్తుంది. మొదటి కాన్పులో చాలా తల్లులు మూడు నాలుగు రోజులకే మింగేస్తాయి. మా చేప కూడా అంతే చేసింది. నాలుగోరోజు గొంతు మామూలైపోయింది, తిండికొచ్చింది. చిన్నది ఏడ్చింది. "దానికింకా అలవాటు కాలేదమ్మా, నేర్చుకుంటుంది" అన్నాను.

రెండు నెలల తర్వాత నేర్చుకుంది. 22వ రోజు పొద్దున రాతి సందులో బియ్యపు గింజంత పసుపు పిల్లలు కనిపించాయి. లెక్కపెడితే 11. గుళికల్ని పొడిచేసి చిటికెడు వేస్తే తినేశాయి. తల్లి చిక్కి సగమైంది. దాన్ని వేరే తొట్టిలో 10 రోజులుంచి, రోజుకి మూడుసార్లు కొద్దికొద్దిగా పెట్టాం. బాలింతకి పత్యం పెట్టినట్టే. అత్తగారే టైముకి గుర్తుచేసేవారు.

పిల్లలు ఎక్కువైతే తెలిసినవాళ్ళకివ్వండి, కొట్లో ఇవ్వండి. చెరువులో, కాలవలో మాత్రం వదలకండి. పుణ్యమనుకుని చేసే ఆ పని పాపమే. అక్వేరియాల్లోంచి బయటపడ్డ సక్కర్ క్యాట్‌ఫిష్ ఇవాళ మన చెరువుల్లో ఎంత నష్టం చేస్తోందో చేపలు పట్టేవాళ్ళని అడిగితే చెబుతారు.

గుర్తుంచుకోండి

– తొట్టి, చేపలు ఒకేరోజు కొనకండి. మధ్యలో నెలైనా ఉండాలి.
– మీ నీళ్ళకి తగ్గ చేపని తెచ్చుకోండి. చేపకి తగ్గ నీళ్ళ కోసం రోజూ కుస్తీపట్టకండి.
– ఫిల్టర్ 24 గంటలూ నడవాలి. రాత్రి ఆపకండి.
– తిండి పెట్టే బాధ్యత ఇంట్లో ఒక్కరిదే.
– వారానికి పావు వంతు నీళ్ళు. స్పాంజీ కుళాయి కింద కడగొద్దు.
– ఎల్లో ల్యాబ్ బాగా చూసుకుంటే 6 నుంచి 8 ఏళ్ళు, ఒక్కోసారి 10 ఏళ్ళు బతుకుతుంది. తెచ్చుకునేముందు అన్నేళ్ళు చూడగలమా అని ఆలోచించండి.

మళ్ళీ పుట్టినరోజు వచ్చినప్పుడు మా చిన్నమ్మాయి స్నేహితురాలు తనకీ చేపలు కావాలని మారాం చేసింది. మాది లోపలికెళ్ళి స్టీలు డబ్బాలో స్పాంజీ ముక్క వేసి, తొట్టి నీళ్ళు పోసి తెచ్చి ఇచ్చింది. "ముందు ఇది తీసికెళ్ళు. చేపలు వచ్చే నెల" అంది.

ఆనాడు అది అడిగిన ప్రశ్నకి జవాబు నేను చెప్పనక్కర్లేకపోయింది. మీ ఇంట్లో కూడా ఎవరైనా ఆ ప్రశ్న అడిగి ఉంటే, తొట్టిని అటకెక్కించకండి. నీళ్ళు పోసి, తోడు పెట్టి, ఓ నెలరోజులు ఓపికపట్టండి.